ఆ గడప తొక్కాలా? ఆ ఉత్తరాలు ఇవ్వాలా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన పొడవాటి ఉత్తరం ఇది. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 56 ఏళ్లు. పుట్టిల్లు టెక్కలి. డిగ్రీ మాత్రం సరిహద్దు అవతల, ఒడిశాలోని పర్లాకిమిడిలో చదివారు. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైల్లో, పాతపట్నంలో ఎక్కిన ఒక అమ్మాయి ఈమెను కిటికీ పక్క నుంచి జరగమంది. ఈమె జరగలేదు. ఆ పోట్లాట స్నేహంగా మారి ముప్పై అయిదేళ్లు నడిచింది. ఆ అమ్మాయి పర్లాకిమిడి సంబంధమే చేసుకుని అక్కడే ఉండిపోయింది. ఈమె పెళ్లయి విశాఖ వచ్చేశారు. ఇళ్లకు ఫోన్లు వచ్చాక కూడా ఆవిడ ఇన్‌లాండ్ లెటర్లు రాయడం మానలేదు. అవన్నీ ఈమె బీరువాలో, ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.

రెండేళ్ల క్రితం ఆవిడ కిడ్నీ జబ్బుతో పోయారు. ఈమె అప్పుడు కూతురి పురుడు కోసం అమెరికాలో ఉన్నారు. కబురు తెలిసేసరికి దహనం కూడా అయిపోయింది. తిరిగొచ్చాక వెళ్దాం, వెళ్దాం అనుకుంటుండగానే, ఎనిమిది నెలలు తిరక్కుండా ఆవిడ భర్త రెండో పెళ్లి చేసుకున్నారు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ పెళ్లి తర్వాత ఇంటికి రావడం మానేశాడు. 21 ఏళ్ల కూతురు తండ్రి దగ్గరే ఉండి చదువుకుంటోంది.

పాత జట్టులో ఇంకా ముగ్గురు ఉన్నారు. ఒకామె గుణుపురంలో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఒకామె బరంపురంలో ఉంటున్నారు. మూడో ఆమె పర్లాకిమిడిలోనే, పోయినావిడ ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. చివరి ఏడాది డయాలసిస్‌కు తోడు వెళ్లింది, మంచం దగ్గర చేసింది ఈ మూడో ఆమే. ఇప్పుడు వీళ్లందరినీ కలిసి, స్నేహితురాలు తిరిగిన చోట్లన్నీ ఒకసారి చూసి రావాలని మన పాఠకురాలి కోరిక. చెప్పగానే పర్లాకిమిడి ఆమె, "నువ్వు వాడింటి గడప తొక్కితే నా గడప తొక్కకు. వచ్చేటప్పుడు దాని ఉత్తరాలు పట్టుకురా, నలుగురిలో చదువుదాం, వాడి సంగతి అందరికీ తెలియాలి" అన్నారు. ఆ మర్నాడే పోయినావిడ కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, అమ్మ రాసిన ఉత్తరాలు మీ దగ్గరున్నాయని అమ్మే చెప్పింది. తెస్తారా?" అని అడిగింది.

చిక్కు ఏమిటంటే, ఆ ఉత్తరాల్లో భర్త చేయిచేసుకున్న రోజు గురించి ఒకటుంది. ఈ కూతురు కడుపులో ఉన్నప్పుడు రాసినది ఇంకొకటి ఉంది: "ఈ వయసులో ఈ కానుపు నాకొద్దు, ఎవరికీ చెప్పుకోలేను" అని. ఇంకో సంగతి, ఆ అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. చదువంతా ఒడియాలో, ఇంగ్లీషులో సాగింది. ఇక ఈమె భర్త మాట: "పోయినావిడ పోయింది, ఇప్పుడక్కడ చూడ్డానికేముంది? అంతగా వెళ్లాలంటే కారులో నేనే తీసుకెళ్తా, అటునుంచటు గోపాలపూర్ బీచి కూడా చూసొద్దాం."

వెళ్లాలా వద్దా, ఆ ఇంట్లో అడుగుపెట్టాలా వద్దా, ఉత్తరాలు ఏం చెయ్యాలి అన్నవి ఈమె ప్రశ్నలు. స్నేహితురాలి పేరు మీద తాను ఏమైనా చేయవచ్చా అని చివర్లో ఇంకొకటి అడిగారు.

అమ్మా,

వెళ్లాలా వద్దా అని నన్ను అడిగారు గానీ, నాలుగో పేజీలో ఏ చీర కట్టుకుంటే బాగుంటుందో కూడా రాశారు. పట్టుచీరయితే పండక్కి వచ్చినట్టుంటుంది, మరీ నలిగిన నూలుచీరయితే ఆయన మీద కోపంతో వచ్చినట్టుంటుంది అని. చీర దాకా వచ్చిన మనిషి వెళ్లకుండా ఆగదు. కాబట్టి ఆ ప్రశ్న పక్కన పెడతాను. ఎలా వెళ్లాలన్నదే మాట్లాడుకుందాం. ముదురు రంగు నూలుచీర చాలు, ఇస్త్రీ చేసినది.

మీరు తలపెట్టింది ఒక్క పని. స్నేహితురాలిని తలుచుకోవడం, ఆవిడ మనుషులను చూసి రావడం, అంతే. అయితే మీరు బయలుదేరతానని నోరు తెరవగానే తలా ఒక పనీ మీ నెత్తిన పెట్టారు. పర్లాకిమిడి స్నేహితురాలికి మీరు సాక్షిగా కావాలి. ఆ అమ్మాయికి తల్లి కావాలి, మీరు తెచ్చివ్వాలి. మీ ఆయనకు రెండు రోజుల విహారయాత్ర కావాలి. ఆ ఇంటాయన ఇంకా ఏమీ అడగలేదు గానీ, మీరు కాఫీ తాగి వెళ్తే చాలు, ఊళ్లో ఆయనకు క్షమాపణ దొరికినట్టే అనుకునేవాళ్లుంటారు. ఇవన్నీ నెరవేర్చాలని చూస్తే ఏదీ కాదు. ఏవి తీసుకోవాలో, ఏవి వదిలేయాలో బయలుదేరకముందే మీరు తేల్చుకోవాలి. అక్కడికెళ్లి గుమ్మంలో నిలబడి తేల్చుకునేవి కావవి.

ముందు మీ పర్లాకిమిడి స్నేహితురాలి కోపం. మీ ఉత్తరంలో ఆవిడ గురించి రాసిన చోట మీకే కొంచెం విసుగు వచ్చినట్టు కనిపించింది. విసుక్కోకండి. మీరంతా ఫోన్లో బాగోగులు అడుగుతున్న రోజుల్లో ఆవిడ డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కూర్చుంది. ఆ మంచం పక్క ఏం చూసిందో, ఏం విన్నదో మీకు తెలియదు. ఎనిమిది నెలలకే ఆ ఇంట్లో మళ్లీ భజంత్రీలు వినిపిస్తే మొదట తగిలేది రెండు వీధుల అవతల ఉన్న మనిషికే. భార్య పోయినాయన ఎనిమిది నెలలకు పెళ్లి చేసుకుంటే ఇంటికి దిక్కు కావాలి కదా అంటాం. భర్త పోయిన ఆడమనిషి ఎనిమిదేళ్లకు చేసుకున్నా చెవులు కొరుక్కుంటాం. ఆవిడ కోపంలో సగం ఈ లెక్క మీద అయి ఉంటుంది. అది న్యాయమైన కోపమే. ఆ కోపాన్ని మీరు వినాలి. ఆవిడ పెట్టిన షరతును ఒప్పుకోవాలా అన్నది వేరే సంగతి.

ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి. ఆవిడ మాటకు కట్టుబడి ఆ ఇంటికి వెళ్లకపోవడం ఒకటి. అప్పుడు ఆవిడ స్నేహం నిలుస్తుంది, కానీ ఆ అమ్మాయి దృష్టిలో మీరు ఊరి దాకా వచ్చి గుమ్మం తొక్కని పిన్ని అవుతారు. ఈపాటికి అన్నయ్య రావడం మానేశాడు, మీరు కూడా రాకపోతే తల్లి వైపు నుంచి ఆ గడపలోకి వచ్చేవాళ్లెవరూ మిగలరు. ఆవిడకు చెప్పకుండా ఆ ఇంటికి వెళ్లి రావడం రెండోది. ఇది అన్నిటికంటే తేలికగా అనిపిస్తుంది, అన్నిటికంటే చెడుగా పరిణమిస్తుంది. పర్లాకిమిడి అంత పెద్ద ఊరేం కాదు, మీరు ఆటో దిగిన సంగతి మీరు కాఫీ తాగేలోపే రెండు వీధులు దాటుతుంది. మూడోది, ముందు ఆవిడ దగ్గరికే వెళ్లడం. ఒక పూటంతా ఆవిడ చెప్పేది వినండి, మధ్యలో ఆయన వైపు నుంచి ఒక్క మాట కూడా మాట్లాడకండి. ఆ తర్వాత, "రేపు పిల్లను చూడ్డానికి ఆ ఇంటికి వెళ్తున్నాను" అని చెప్పండి. వెళ్లనా అని అడగకండి. అడిగితే వద్దంటుంది, వద్దన్నాక వెళ్తే ధిక్కరించినట్టవుతుంది. చెప్పి వెళ్తే ఆవిడ అలగవచ్చు, కొన్నాళ్లు ఫోన్ ఎత్తకపోవచ్చు. ఆ నష్టం నిజమే. ముప్పై అయిదేళ్ల స్నేహంలో నాలుగు నెలల అలక భరించలేనిదా అన్నది మీరే చూసుకోండి. నా వరకు మూడో దారే నయం.

బస కూడా దీనితో ముడిపడిన విషయమే. పర్లాకిమిడిలో లాడ్జిలో దిగితే ఇద్దరికీ సమదూరం అనుకున్నారు మీరు. స్నేహితురాలు ఊళ్లో ఉండగా లాడ్జిలో దిగడం ఆవిడకు చెంపదెబ్బే. ఆవిడ ఇంట్లోనే దిగితే మర్నాడు ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి బయలుదేరాలి, అది ఇంకా ఇరకాటం. గుణుపురం టీచరు గారింట్లో దిగండి. విశాఖ నుంచి గుణుపురం పాసింజరు ఉంది, నౌపడ దగ్గర మెయిన్ లైన్ వదిలి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా వెళ్తుంది. గుణుపురంలో ఉండి పర్లాకిమిడికి పొద్దున వచ్చి, సాయంత్రానికి వెనక్కి వెళ్లిపోవచ్చు. ఆ లైను మీద రైళ్లు తక్కువ కాబట్టి టైములు ముందే చూసుకోండి.

రైలు గురించి ఒక మాట. ఆ ప్రయాణంలో పాత రోజులు దొరుకుతాయని రాశారు. మీరెక్కిన చిన్న రైలు ఇప్పుడు లేదు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన నేరోగేజి అది. 2004లో ఆపేశారు, 2011 నాటికి గుణుపురం దాకా, ఆ తొంభై కిలోమీటర్లూ పెద్ద లైను వేసేశారు. ఇప్పటి బోగీలు ఎత్తు, కిటికీలు వేరు, పాతపట్నంలో ఆగే సమయమూ తక్కువే. కళ్లు తుడుచుకునే తీరిక దొరకదు. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. ఆ స్టేషన్లో ఏదో జరుగుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటే, ఏమీ జరగనప్పుడు ఆ వెలితితో ఆ ఇంటికి వెళ్తారు.

ఎప్పుడు వెళ్లాలన్న దానికి రెండు రోజులు సూచించారు మీరు, తిథి రోజు లేదా శివరాత్రి. తిథి రోజు వెళ్తే ఆ ఇంటి మనిషిగా లెక్కలోకి వస్తారు, నిజమే. కానీ ఆ రోజు బ్రాహ్మలు, బంధువులు, భోక్తల వడ్డనలతో ఇల్లు సందడిగా ఉంటుంది. ఆ పిల్ల వంటింటికీ హాలుకీ తిరుగుతూ ఉంటుంది, మీతో పది నిమిషాలు కూర్చోలేదు. పైగా మీ స్నేహితురాలి ఆబ్దికానికి వంట చేసేది కొత్తావిడే అయి ఉంటుంది. ఆ వంట తింటూ మీ ముఖం ఎలా పెట్టుకోవాలో మీకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. శివరాత్రికి మీరు ఐదుగురూ శ్రీముఖలింగం వెళ్లేవాళ్లమని రాశారు. ఆ వయసులో వంశధారలో చక్రతీర్థ స్నానానికి జనంలో తోసుకుంటూ వెళ్లడం సరదా. ఇప్పుడు మీలో ఇద్దరికి మోకాళ్ల నొప్పులని మీరే రాశారు. ఆ రోజుల్లో ఒడిశా నుంచి కూడా వేలమంది వస్తారు, ఒకరి మాట ఒకరికి వినపడదు. శివరాత్రి వెళ్లాక, ఎండలు ముదరకముందు ఏదైనా మామూలు రోజు పెట్టుకోండి. నలుగురూ కలవాల్సింది మాత్రం ముఖలింగంలోనే. అది ఎవరి ఇల్లూ కాదు, ఎవరి గడపా కాదు. మధుకేశ్వరుడి గుడి ప్రాంగణంలో ఎక్కడ కూర్చున్నా ఎవరూ లేపరు. బరంపురం ఆమె, పర్లాకిమిడి ఆమె ఎదురుపడి చాలాకాలమైంది అన్నారు కదా, అదీ అక్కడైతే తేలికవుతుంది. ఒక్కటి చూసుకోండి: ముఖలింగం ముందు, ఆ ఇల్లు తర్వాత అని పెట్టుకోవద్దు. ముఖలింగంలో నలుగురూ కూర్చుంటే చర్చ ఆయన మీదికి మళ్లుతుంది, ఆ వేడితో మీరు మర్నాడు ఆయన ఎదుట కూర్చోవాలి. ఆ ఇల్లు అయ్యాకే ముఖలింగం పెట్టుకోండి.

ఆమె పేరు మీద నేనేమైనా చేయవచ్చా అని అడిగారు. ఆబ్దికానికి కర్తలు ఆ ఇంటివాళ్లే, అందులో మనం వేలు పెట్టలేం. అయితే మహాలయ పక్షంలో వదిలే తర్పణాల వరుసలో తల్లిదండ్రులు, బంధువులతో పాటు గురువు, స్నేహితుడు కూడా ఉంటారు. మీ ఇంట్లో మీ ఆయన తర్పణాలు వదిలేవారైతే ఆవిడ పేరు కూడా చెప్పమనండి, పురోహితుడిని ఒకమాట అడిగి. ఒడిశాలో దీపావళి సాయంత్రం ఇంటి ముందు జనపకట్టెలు వెలిగించి "బడబడువా హో" అని పోయిన పెద్దలను పిలుస్తారు, మీరూ చూసే ఉంటారు. ఏదైనా చెయ్యండి, ఏదీ చెయ్యకపోయినా లోటు లేదు. దహనానికి అందలేకపోయిన దానికి బాకీ తీర్చుకుంటున్నట్టు మాత్రం చెయ్యకండి. పురుడు పోయడానికి వెళ్లిన మనిషి సముద్రాలు దాటి మర్నాటికి రాలేదు, అది ఆ అమ్మాయికి తెలుసు, మీకూ తెలుసు.

ఇక ఆ ఇల్లు. కాసేపే ఉండండి. పళ్లు, స్వీటు ఇంటికని పట్టుకెళ్లండి. అమ్మాయికి చీర కొంటానన్నారు. ఆవిడ ముందర పిల్లకొక్కదానికే చీర పెడితే కొత్తావిడను కావాలని పక్కన పెట్టినట్టుంటుంది. ఆవిడకూ చీర పెడితే పర్లాకిమిడి స్నేహితురాలికి సాయంత్రానికే తెలుస్తుంది. కాబట్టి ఇంట్లో పళ్లు, చీర బయట కలిసినప్పుడు. కొత్తావిడను మంచినీళ్లు అడిగి తాగండి, "ఏమ్మా, బాగున్నారా" అని పలకరించండి. హాల్లో దండ వేసిన ఫొటో కింద రోజూ తుడుచుకుంటూ బతుకుతున్న మనిషి ఆవిడ. ఆవిడ ఏ పరిస్థితిలో ఈ పెళ్లికి ఒప్పుకుందో మనకు తెలియదు. మీ స్నేహితురాలికి జరిగిన దాంట్లో ఆవిడ చెయ్యి లేదు.

ఆయన సంగతి అంత తేలిగ్గా చెప్పలేను. చేయిచేసుకున్నాడని తెలిసి ఆ చేత్తో ఇచ్చిన కాఫీ ఎలా తాగడం అని అడిగారు. తాగక్కర్లేదు, ఇప్పుడే తాగి వచ్చానని చెప్పవచ్చు. కానీ నాకు ఆయన గతం కంటే ఆ పిల్ల ఇప్పటి పరిస్థితి ముఖ్యం అనిపిస్తోంది. మీ ఎనిమిది పేజీల్లో అది లేదు. ఆ ఇంట్లో ఆమె ఎలా ఉంది? మాట్లాడేటప్పుడు తండ్రి వైపు చూసి మాట్లాడుతోందా? చదువు ఆపమంటున్నారా? భయపడుతోందా? ఇవి ఉత్తరాల కంటే ముందు చూడాల్సినవి. ఏదైనా తేడా కనిపిస్తే ఆమె అన్నయ్యకు మీరే ఫోన్ చెయ్యండి. ఇబ్బందుల్లో ఉన్న ఆడవాళ్ల కోసం 181 హెల్ప్‌లైన్ ఒడిశాలోనూ పనిచేస్తుంది, జిల్లాల్లో సఖి వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి. ఆ నెంబరు ఆమె ఫోన్లో ఉంటే చాలు. అంతా బాగానే ఉంటే మరీ మంచిది, అదీ మీ స్నేహితురాళ్లకు చెప్పాల్సిన కబురే.

ఇప్పుడు ఉత్తరాలు. వీటిని నలుగురిలో చదవాలన్న మాట దగ్గరే ఆగిపోండి. ఆవిడ అది కోరుకుని ఉంటే బతికుండగా ఆ నలుగురికీ తనే చెప్పేది. చెప్పలేదు. మీ ఒక్కరికి రాసి, ఇన్‌లాండ్ మడిచి, అంటించింది. ఆ అంటు విప్పే హక్కు ఎవరికైనా ఉంటే ఆ పిల్లలకు కొంత ఉందేమో గానీ, వీధికి లేదు.

పిల్లకు ఇవ్వడంలో మీ ముందున్నవి ఇవీ. అన్నీ ఇచ్చెయ్యడం ఒకటి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు ఉండిపోయింది. అప్పటినుంచి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అన్నది ఆ ఊరి తెలుగువాళ్లకు మామూలే. చదవలేదు కదా, ఇస్తే ఏమవుతుందిలే అని మీకు ఒక మూల ధైర్యం ఉన్నట్టుంది. ఆ ధైర్యం వద్దు. తను చదవలేనిది ఇంకెవరి చేతనో చదివిస్తుంది. ఎవరి చేత? తెలుగు చదవగలిగినవాళ్లలో ఆమెకు దగ్గరున్నది తండ్రి, ఆ తర్వాత రెండు వీధుల అవతల ఉన్న మీ స్నేహితురాలు. ఇద్దరిలో ఎవరు చదివినా ఏ ఉత్తరం దగ్గర ఆగుతారో మీకు తెలుసు. ఫోన్ కెమెరా పెట్టి చదివించే యాప్‌లున్నాయి, అవి చేతిరాతను సగం తప్పులతో చదివితే మరీ ప్రమాదం.

అసలేమీ ఇవ్వకపోవడం రెండోది. ఉత్తరాలున్నాయని తల్లే చెప్పింది కాబట్టి, మీరు లేవంటే అబద్ధం దొరికిపోతుంది. ఉన్నాయి కానీ ఇవ్వనంటే, అందులో ఉన్నదానికంటే ఘోరమైనవి ఆమె ఊహించుకుంటుంది. ఇరవయ్యొక్కేళ్ల పిల్ల ఊహకు అడ్డేముంది?

నాకు తోచింది మూడోది. ఉత్తరాలు మీరే పట్టుకెళ్లి, ఇంట్లో కాకుండా ఎక్కడైనా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మీరే చదివి వినిపించండి. డబ్బా అంతా కాదు. మీరు రాసినవాటిలో నాకు నచ్చినవి చెప్తాను: కాలేజీ ఎగ్గొట్టి సినిమాకు వెళ్తే అదే హాల్లో లెక్చరరు కనిపించిన ఉత్తరం, బడబానలంలా మండుతున్న వంటింట్లో అత్తగారికి కనపడకుండా మజ్జిగ తాగిన ఉత్తరం, కొడుకు మొదటిసారి ఒడియాలో తిట్టిన బూతు ఏమిటో మిమ్మల్ని అర్థం అడిగిన ఉత్తరం. ఆ మనిషి ఎంత తుంటరో ఆ పిల్లకు తెలియాలి. జబ్బు చేసిన తల్లే ఆమెకు ఎక్కువగా గుర్తుంటుంది. చదివేటప్పుడు సరిదిద్దకండి. ఆవిడ "ఏటి, ఎలాగున్నావ్" అని రాస్తే అలాగే చదవండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు నుంచి వచ్చిన ఉత్తరాలవి, గ్రాంథికం చెయ్యడం ఆ ఊరికే అవమానం. వీలుంటే ఫోన్లో రికార్డు చేసి ఆమెకు వాట్సాప్ చెయ్యండి. ఉత్తరాలతో పాటు మీ పెళ్లికి ఆవిడ ఇచ్చిన, కొమ్ముతో చేసిన ఆ పర్లాకిమిడి కొంగ బొమ్మను కూడా చూపించండి. ముక్కు విరిగితే ఆవిడే లక్కతో అంటించిందని రాశారు కదా, ఆ అతుకు చూపించండి.

చదవనివి కొన్ని ఉన్నాయని మాత్రం దాచకండి. "మీ అమ్మ కష్టంలో ఉన్నప్పుడు నాకొక్కదానికే రాసుకున్నవి కొన్నున్నాయి. అవి ఇప్పుడు చదవను. చింపను కూడా. ఎప్పుడైనా తప్పనిసరిగా కావాలనిపిస్తే అడుగు, అప్పుడు ఇద్దరం మాట్లాడుకుందాం" అని చెప్పండి. అలుగుతుంది, వెంటపడుతుంది. అయినా దాచిపెట్టారన్న అనుమానం కంటే ఉన్నాయన్న నిజం నయం. చేయిచేసుకున్న ఉత్తరం ఇప్పుడు ఇస్తే, ఆమె ఆ రాత్రి తిరిగి వెళ్లి పడుకోవాల్సింది అదే ఇంట్లో అని గుర్తుంచుకోండి. చదువు పూర్తయి, సొంత కాళ్ల మీద, వేరే ఊళ్లో ఉన్నప్పుడు విషయం వేరు. ఆ అబ్బాయి అయితే బెంగళూరులో ఉన్నాడు, కానీ చెల్లెలికి చెప్పకుండా అన్నకు చెప్పడం వాళ్లిద్దరి మధ్య ఇంకో గోడ కట్టడమే.

కానుపు వద్దన్న ఉత్తరం మాత్రం ఒంటరిగా ఎప్పటికీ ఇవ్వకండి. దాని తర్వాతిది, పిల్ల పుట్టాక నాలుగు నెలలకు రాసినది, రెండు పేజీలూ పిల్ల జుట్టు గురించే ఉందన్నారు. ఎంత ఒత్తుగా ఉందో, ఎంత నూనె పడుతోందో, ఎవరి పోలికో. ఆ రెండూ ఒకే కవరులో పెట్టి, పైన తేదీలు రాసి ఉంచండి. మీ తర్వాత ఎవరి చేతికి చిక్కినా రెండూ కలిసే చిక్కాలి.

ఇంకొకటి తోచింది, మీకు ఓపిక ఉంటేనే. ఒడియా అక్షరాలకూ మన అక్షరాలకూ వరుస ఒకటే, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. ఒడియా వచ్చిన పిల్లకు తెలుగు చదవడం కొన్ని నెలల పని. వారానికోసారి వీడియో కాల్‌లో మీరే నేర్పవచ్చు. అయితే నేర్పిన రోజున మిగతా ఉత్తరాలు తనే చదవగలదని కూడా తెలిసే నేర్పాలి.

మీ ఆయన గురించి ఎక్కువ చెప్పను. మనసులో మంచే ఉంది, కారు కూడా ఉంది. కానీ ఆయన పక్కనుంటే పర్లాకిమిడి ఆమె నోరు విప్పదు, ఆ పిల్ల మరీను. ఈసారికి రైల్లో ఒక్కదాన్నే వెళ్తానని చెప్పండి. గోపాలపూర్ వచ్చే చలికాలం ఇద్దరూ వెళ్లిరండి, అప్పుడు బరంపురంలో మీ స్నేహితురాలింట్లో భోజనం కూడా పెట్టుకోవచ్చు.

చివరిగా, మీరు అడగలేదు గానీ ఎదురయ్యే అవకాశం ఉన్నది. మీరు లేవబోతుండగా ఆయన గుమ్మం దాకా వచ్చి, "ఉత్తరాల్లో నా గురించి ఏమైనా రాసిందా?" అని అడగవచ్చు. ఏమీ లేదంటే ఆయనకు అభయం ఇచ్చినట్టు. అంతా చెప్తే అక్కడే తగాదా, దాని ఫలితం ఆ రాత్రి పిల్ల అనుభవించాలి. "రాసింది. నాకు రాసుకున్నవి, నా దగ్గరే ఉంటాయి" అని చెప్పి చెప్పులు వేసుకోండి. ఇంకా అడిగితే రైలుకు టైమవుతోందని చెప్పండి. అందుకే సాయంత్రం రైలుకు గంటన్నర ముందు మించి ఆ ఇంటికి వెళ్లవద్దంటున్నాను, పొద్దున పూట అమ్మాయిని బయటే కలవండి.